కప్పు చెమట ఆరేదాకా

మా పెరట్లో నీళ్ల తొట్టి మీద ఒక సున్నపు కప్పు ఉండేది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం. సిమెంటు లేదు, ఇనుము లేదు. నాలుగు టేకు దూలాలు, వాటి మీద ఇటుక ముక్కలు, గానుగలో నూరిన డంగు సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు. పదకొండేళ్ల కిందట నా భార్య హైమవతి దాన్ని తన చేతులతో కొట్టి కట్టింది. మా అమ్మాయి తన్మయి దాని మీద కూచుని మొదట బొమ్మలాడుకుంది, తర్వాత హోంవర్కు చేసుకుంది.

హైమ పోయిన ఏడు నెలలకు నేనే ఆ కప్పును ఊడదీసి ప్రయోగశాలకు పట్టుకెళ్లాను. మళ్లీ తీసుకురాలేనని తెలిసే పట్టుకెళ్లాను.

హైమ పనిచేసిన ప్రయోగశాల హనుమకొండ బయట ఒక గుట్ట కింద ఉంది. పాత కట్టడాల సున్నాన్ని పరీక్షించడం వాళ్ల పని. అక్కడ వాళ్లు తయారుచేసిన యంత్రాన్ని అందరూ ‘నాడి’ అనేవారు. దాన్ని నేను మొదటిసారి చూసినరోజు హైమ సహాయకురాలు నస్రీన్ గోరంత సున్నపు ముక్కను చిన్న పింగాణీ గిన్నెలో పెట్టింది. రోము కాలపు ఓడరేవు గోడలోది, అనుమతి తీసుకుని తెప్పించినది. యంత్రంలోంచి సన్నటి వెలుగు దాని మీద పడింది. ముక్క పొర పొరగా కాలడం మొదలుపెట్టింది. బల్లకు బిగించిన చెక్క ఒకటి తనంతట తాను లేచి బల్ల మీద కొట్టింది. రెండు బరువైన దెబ్బలు, ఒక తేలిక దెబ్బ. మళ్లీ రెండు, ఒకటి.

“సున్నం గానీ మట్టి గానీ గట్టిపడేటప్పుడు మీద పడ్డ ప్రతి దెబ్బను లోపల దాచుకుంటది సార్. నాడి దాన్ని చదివి మళ్ల కొట్టి చూపిస్తది,” అంది నస్రీన్.

రెండు వేల ఏళ్ల కిందట ఎవరో ఒక మనిషి సముద్రపు ఒడ్డున నిలబడి అలా కొట్టాడు. కాసేపటికి చెక్క ఆగింది. గిన్నెలో చిటికెడు బూడిద మిగిలింది.

“ఇంతేనా మిగిలేది?” అన్నాను.

“ఇంతే సార్. ఒక్కసారి చదివితే అయిపోయినట్టే.”

అలా వాళ్లు ఐదు చోట్ల కట్టడాలు చదివారు. రోము ఓడరేవు. అమెరికా ఖండంలో మాయా ప్రజల గుడి మీది సున్నపు పూత. చీనాలో మట్టిని దిమ్మిస కొట్టి లేపిన కోట గోడ. ఆఫ్రికా ఎడారి అంచున ఊరంతా కలిసి ఏటేటా మెత్తే మట్టి మసీదు. మన వైపు ఒక పాత కోట మేడ కప్పు. చీనా గోడలో ఎనిమిది మంది ఒకేసారి ఎత్తి దించిన బరువు వినిపించింది. మసీదు గోడలో వందల అరచేతులు. మన కప్పులో శనగలు వేగుతున్నట్టు చిన్న చిన్న దెబ్బలు, లెక్కపెట్టలేనన్ని.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఒకరోజు భోజనాలయ్యాక పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. నదీలోయ నాగరికతల కట్టడాల్లో పోలికలు రాయమని ప్రశ్న. హైమ ఎదురుగా కూచుని తన కాగితాలు పరుచుకుంది.

“దెబ్బలు కలుస్తున్నయి సారూ,” అంది. నవ్వులాటకు నన్ను సారూ అనేది. “బరువు, వేగం, దెబ్బకూ దెబ్బకూ నడుమ సందు, అన్నిట్లకూ ఒకటే లెక్క దొరికింది. కానీ మధ్యమధ్యల పెద్ద ఖాళీలున్నయి. అవే కలుస్తలేవు. రోముల అరగంట, చీనాల ఒక పూట, మన దగ్గర పావుగంట. నువ్వైతే ఏం జేస్తవ్?”

నేను పేపరు మీంచి తల ఎత్తలేదు. “పోలికలు అడిగితే పోలికలే రాయాలె. సరిపోనివి వదిలెయ్.”

“ఎన్ని మార్కులిస్తవ్?”

“పూర్తి మార్కులు.”

ఆమె నవ్వింది. ఇరవై మూడేళ్లుగా నేను పిల్లలకు చెబుతున్న మాటే అది. పట్టిక గీయండి, సరిపోయేవి రాయండి, సరిపోనివి వదిలేయండి.

ఖాళీలు తీసేశాక మిగిలిన లెక్కతో ప్రయోగశాల ఒక యంత్రపు చెయ్యి తయారుచేసింది. దానికి అలుపు లేదు. ఇరవై మంది వారం రోజులు కొట్టే కప్పును అది రెండు రోజుల్లో ఆపకుండా కొట్టేస్తుంది. సిమెంటు అక్కర్లేదు, ఎండాకాలం గది చల్లగా ఉంటుంది. నలభై బడులకు అలాంటి కప్పులు వేయాలని నిర్ణయమైంది. ముందు పన్నెండడుగుల కప్పు ఒకటి ప్రయోగశాల ఆవరణలో వేసి చూశారు. సున్నం, బెల్లం, కరక్కాయ హైమే తూచింది. తొమ్మిదో రోజు ఉదయం పదకొండు గంటలప్పుడు, కప్పు ఎంత వంగిందో చూడడానికి ఆమె టేపు పట్టుకుని కిందికి వెళ్లింది.

కప్పు కూలిన సమయానికి నేను ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతున్నాను.

విచారణ నివేదిక ఒకటిన్నర పేజీ. బెల్లం నీళ్ల కొలతలో వ్యక్తిగత పొరపాటు జరిగింది, యంత్రంలో లోపం లేదు అని రాశారు. నలభై కప్పుల పని జూన్‌లో మొదలవుతుందన్నారు. మొదటిది మా బడి భోజనాల గదికి.

మార్చిలో యంత్రపు చేతిని లారీలో తెచ్చి మా బడి ఆవరణలో ఒక మూల నమూనాగా కొట్టి చూపించారు. పిల్లలు చుట్టూ మూగారు. నేను దూరంగా వంటశాల గట్టు మీద కూచున్నాను. పక్కన బుచ్చవ్వ చేట పట్టుకుని ఉంది. మా బడిలో వంట చేసేది ఆమె కోడలు. బుచ్చవ్వ బియ్యంలో రాళ్లేరడానికి వస్తుంది. ఏరే రాళ్ల కన్నా చెప్పే ముచ్చట్లు ఎక్కువ.

“ఏం సారూ, గీ మిషినికి అలుపు రాదా?”

“రాదవ్వా. రెండు రోజులు ఆగకుండ కొడతది.”

“అయితె గిది కప్పు కొట్టుడు గాదు. పగబట్టి కొట్టుడు.”

“నీకెట్ల తెలుసు కప్పు కొట్టుడు?”

ఆమె చేట పక్కన పెట్టింది. “అగో, మీ పాత బడి కప్పు ఎవలు కొట్టిన్రనుకున్నవ్? ఇరువై మంది ఆడోళ్లం. గప్పుడు నా పెద్దకొడుకు సంకలున్నడు. చేతుల చెక్కలు పట్టుకొని వరుసగ కూసుంటుంటిమి. పాట మూడు సుట్లు తిరిగెదాక కొడుతుంటిమి. గప్పటికి కప్పుకు చెమట పడుతుండె.”

“చెమటా?”

“నీళ్లు మీదికొస్తయి సారూ, ముత్యాలు ముత్యాలుగ. గప్పుడు గన కొట్టినవా, గా నీళ్లు మళ్ల లోపటికే పోతయి. పైన మంచిగనే కనవడతది. లోపట పుండయితది. చెమట ఆరెదాక చెయ్యి ఆపాలె.”

“ఎంతసేపు?”

“పోరడు పాలు తాగి కడుపు నింపుకునేంత సేపు.” పళ్లు లేని నోటితో నవ్వింది. “గా సందుల్నే గద పిల్లలకు పాలిస్తుంటిమి.”

“పిల్లల కోసం ఆపేవాళ్లా, కప్పు కోసం ఆపేవాళ్లా అవ్వా?”

“మేస్త్రీ కప్పు కోసమంటుండె. మేం పిల్లల కోసమంటుంటిమి. కొట్లాట తెగకముందే కప్పు అయిపోతుండె.”

ఆవరణలో యంత్రం కొడుతూనే ఉంది. నేను లేచి దగ్గరికి వెళ్లి చూశాను. నమూనా మీద సన్నగా తడి మెరిసింది. మరుక్షణమే దెబ్బ పడి అది లోపలికి పోయింది.

ఇంటికి వెళ్లి హైమ నోటుపుస్తకాలు తీశాను. ఏడు నెలలుగా వాటిని ముట్టుకోలేదు. చివరి పుస్తకంలో, ప్రయోగశాల కప్పు లెక్కల కింద ఆమె చేతిరాతతో రెండు వాక్యాలున్నాయి. “ఖాళీలు తీసేశాను, పైనుంచి ఆమోదం వచ్చింది. సమ్మయ్య మాట: సరిపోనివి వదిలెయ్, పూర్తి మార్కులు.”

సమ్మయ్య నా పేరు. ఆ పేజీని ఒక్కసారే చదివాను. రెండోసారి అవసరం లేకపోయింది.

ఆ తర్వాత అడుగున ఉన్న పాత పుస్తకం తీశాను. తొట్టి కప్పు నాటిది. అప్పటికి తన్మయికి మూడు నెలలు. సున్నం ఇంత, బెల్లం ఇంత, కరక్కాయ ఇంత. ప్రయోగశాల కప్పుకు రాసిన పాళ్లూ ఇవే. కింద సమయాలు. “9.40 మొదలు. 10.05 పాప లేచింది, ఆపాను. 10.17 మళ్లీ మొదలు. 10.40 పాప ఏడుస్తోంది, ఆపాను.” నాలుగు పేజీల నిండా అలాగే ఉంది. ఒకచోట పెన్సిలుతో విసుక్కుంది కూడా: “ఇట్లయితే ఈ కప్పు ఎప్పటికి అయ్యేను?”

మర్నాడు నస్రీన్‌ను కలిశాను. ఖాళీలు తీయకముందటి లెక్కలు కావాలన్నాను.

“లేవు సార్. మస్తు పెద్దగుంటయని చెరిపేసిన్రు. శుభ్రం చేసినవే ఉంచిన్రు. ముక్కలన్నీ బూడిదైపోయినయి.”

“కూలిన కప్పుది?”

ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చింది. “ఒక ముక్కుంది. పారెయ్యమన్నరు. నేను పారెయ్యలే. మేడమ్ కొలత తప్పుతదా సార్? చాయ్‌ల చక్కెర గూడ తూకమేసి కలిపే మనిషి.”

ఇద్దరం నవ్వాం.

“ఆ ఒక్క ముక్క చాలదు,” అంది నస్రీన్. “అవే పాళ్లతో, అదే చెయ్యి తూచి, మధ్యమధ్యల ఆపి కొట్టిన కప్పు ఇంకోటి కావాలె. ఎప్పుడెప్పుడు ఆపిన్రో రాసి ఉండాలె. లేకుంటే మా పెద్దసార్ ఒప్పుకోడు. కొత్తది కొడదామంటే, విరిగిన ముక్క లెక్క నెలలల్ల ఎండది, లోపలిదాక గట్టిపడనీకె ఏండ్లు పడతది. అసొంటిది లోకంల ఎక్కడ దొరుకుతది?”

“మా పెరట్ల,” అన్నాను.

ఆమెకు వెంటనే అర్థమైంది. తల అడ్డంగా ఊపింది. “ఒక్కచోట చదివితే సరిపోదు సార్. తొమ్మిది ముక్కలుగ కోసి, అన్నీ పైనుంచి కిందిదాక కాల్చాలె. కప్పు మిగలది.”

“తెలుసు.”

తన్మయికి ఆ సాయంత్రమే చెప్పాను. తొట్టి కప్పు మీద కూచుని లెక్కలు చేసుకుంటోంది. ఎందుకో, ఏమిటో చెప్పాను. నలభై బడుల సంగతి చెప్పాను. నేను వాళ్లమ్మతో అన్న మాట కూడా చెప్పాను. అది దాచి మిగతాది అడగడం న్యాయం కాదనిపించింది.

“మొత్తమా?” అంది.

“మొత్తం.”

“ఒక్క ముక్క గూడ మిగలదా బాపూ?”

“మిగలదు బిడ్డా.”

ఆమె పెన్సిలు తీసుకుని మళ్లీ లెక్కలు చేసుకుంది. రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. బడి నుంచి రాగానే ఆ కప్పు మీదికెక్కి కూచునేది. చీకటి పడేదాకా దిగేది కాదు. నేను పిలవలేదు. మూడో రోజు వచ్చి చూస్తే కప్పు ఖాళీగా ఉంది. ఊడ్చి ఉంది. పుస్తకాల సంచీ లోపల భోజనాల బల్ల మీదికి చేరింది.

“రేకన్న తెచ్చి మూయి బాపూ,” అంది పుస్తకంలోంచి తలెత్తకుండా. “తొట్టిల ఆకులు పడతయి.”

ఆదివారం ఇద్దరు తాపీ పనివాళ్లు వచ్చి దూలాలతో సహా కప్పును ఎత్తారు. ఎక్కడా పగల్లేదు. “ఎవలు కొట్టిన్రు సారూ? గంట లెక్క మోగుతుంది,” అన్నాడు వాళ్లల్లో పెద్దాయన, వేలితో తట్టి చూసి.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి ప్రయోగశాల అధిపతి పురుషోత్తం గారి ముందు కూచున్నాం. తన్మయి తనూ వస్తానంది. వద్దనలేదు.

“సమ్మయ్యగారూ, మీ బాధ నాకు తెలుసు. హైమవతి నా దగ్గర పదిహేనేళ్లు పనిచేసింది,” అన్నాడాయన. “కానీ బాధ కొలత కాదండీ.”

“అందుకే కొలత తెచ్చానండి.”

ఆయన నోటుపుస్తకం వైపు చూశాడు కానీ తీసుకోలేదు. “ఆ ఖాళీలు లెక్కకు పనికిరాని ఉత్త రొద. ఐదు నాగరికతల్లో ఐదు రకాలుగా ఉన్నాయి. ఒకదానికొకటి పొంతనే లేదు.”

“పొంతన ఉండదండి. సముద్రం నీళ్లలో కట్టిన గోడ ఒకంతసేపు అడుగుతుంది. చలిదేశంలో మట్టి గోడ ఇంకోలా అడుగుతుంది. మన ఎండలో మన సున్నం పావుగంట అడుగుతుంది. ఎక్కడివాళ్లు అక్కడ అది చూసి నేర్చుకున్నారు. మనం అందరి దగ్గరా దెబ్బ తీసుకున్నాం. ఆగడం ఎవరి దగ్గరా తీసుకోలేదు.”

ఆయన నస్రీన్ వైపు చూసి కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ముందు కూలిన కప్పు ముక్క. ఖాళీలు తీసేసే ఏర్పాటును నస్రీన్ ఆపేసింది. వెలుగు పడింది. చెక్క లేచి కొట్టింది. ఒకే వేగం, ఒకే బరువు. ఎక్కడా ఎడం లేదు. తెర మీద ఆ ముక్క లోపలి బొమ్మ కనబడింది. పొరల మధ్య దారులు దారులుగా సన్నటి సందులు, నీళ్లు చిక్కుకుని ఎండిపోయిన చోట్లు. బుచ్చవ్వ మాట గుర్తొచ్చింది. లోపట పుండు.

“బెల్లం?” అన్నాడు పురుషోత్తం గారు.

నస్రీన్ అంకె చదివింది. నేను నోటుపుస్తకంలో అంకె చూపించాను. తేడా లేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

తర్వాత తొట్టి కప్పు. రంపంతో మధ్యలోంచి కోసిన మొదటి ముక్కను పెద్ద గిన్నెలో పెట్టారు. తన్మయి నా పక్కకు జరిగింది. చెక్క లేచింది.

దాని దెబ్బ వేరుగా ఉంది. మొదట తడబడింది. నాలుగు దెబ్బలు సమంగా, ఐదోది కొంచెం ఆలస్యంగా. హైమకు అప్పుడే నేర్చుకున్న పని. కుడిచెయ్యి నొప్పెట్టి ఎడమచేతికి మార్చినప్పుడు బరువు తగ్గింది. మళ్లీ పెరిగింది. ఆమె పెరట్లో చీర కొంగు దోపుకుని కూచున్నట్టు కళ్ల ముందు కనబడుతూనే ఉంది. నేను నోటుపుస్తకం పేజీ మీద వేలు పెట్టి గడియారం చూస్తూ కూచున్నాను.

ఇరవై అయిదో నిమిషంలో చెక్క గాల్లో ఆగిపోయింది.

పురుషోత్తం గారు ముందుకు వంగి మీట మీద చెయ్యి వేయబోయాడు. “ఇరుక్కున్నట్టుంది.”

“ముట్టుకోకండి సార్. యంత్రం ఆగలేదు. హైమ ఆగింది.”

నోటుపుస్తకం ఆయన వైపు తిప్పాను. నా వేలి దగ్గర ఉన్న వాక్యాన్ని ఆయన పైకే చదివాడు. “10.05 పాప లేచింది, ఆపాను.”

తెర మీద, ఆ ఖాళీ ఉన్నచోట పొర గట్టిగా, ఒక్క సందు కూడా లేకుండా ఉంది.

“సరిపోనివి వదిలెయ్యమని హైమకు చెప్పింది నేను,” అన్నాను. “చివరి పుస్తకంలో రాసి పెట్టింది. నివేదికలో ఎవరి పేరైనా ఉండాలంటే నా పేరు రాయండి. కానీ ముందు జూన్ పని ఆపండి. ఆ నలభై గదుల్లో పిల్లలు కూచుని అన్నం తింటారు.”

“మీరు చెబితే ఆమె తీసింది. తీయమని సంతకం పెట్టింది నేను,” అన్నాడు పురుషోత్తం గారు. చాలాసేపు ఆ పేజీ వైపే చూశాడు. తర్వాత ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు. తలుపు తెరిచే ఉంది. ఆయన గొంతు వినబడుతూనే ఉంది. “లేదు, ఒకటి రెండు కాదు. నలభైకి నలభై ఆపండి... నివేదిక తప్పు. అవును, నాదే. కొత్తది రాసి పంపుతాను.”

ఆయన తిరిగి వచ్చి, వెళ్లిపోకుండా, తన కుర్చీలో కూచున్నాడు. చెక్క ఇంకా గాల్లోనే ఉంది. ఇంకా ఆరు నిమిషాలుంది. ఇంకా ఎనిమిది ముక్కలున్నాయి. మే నెలలో బుచ్చవ్వను, ఆమెతో పనిచేసి ఇంకా బతికున్న వాళ్లను బడికి పిలవాలి. చెమట ఎలా ఉంటుందో నస్రీన్‌కు చూపించాలి. ఒక్కొక్కటే చేయాలి.

తన్మయి నా మోచేతిని పట్టుకుంది.

“బాపూ, గిప్పుడు నేను పాలు తాగుతున్ననా?” అంది గుసగుసగా.

“ఆఁ.”

ఆమె గోడ గడియారం వైపు చూస్తూ కూచుంది. నస్రీన్ కుర్చీ చప్పుడు కాకుండా జరుపుకుని తనూ కూచుంది. నలుగురం ఆ ఖాళీ పూర్తయ్యేదాకా కదలకుండా ఆగాం.

పన్నెండో నిమిషం నిండింది. చెక్క బల్ల మీదికి దిగింది.